టైరు ఢామ్మని పేల్చడానికి సులువైన మార్గాలు

యలహంక నుంచి తెల్లవారకముందే నందికొండకు సైకిలెక్కేవాళ్లు ఈ విద్య నేర్చి తీరాలి. మొదటి మెట్టు, టైరు కొనేటప్పుడు పెద్దంకె చూసి ఊరుకోవడం. పాతకాలం నల్ల సైకిలు టైరు మీద 28 × 1½ అనీ, ఇప్పటి హైబ్రిడ్ టైరు మీద 28 × 1.75 అనీ ఉంటుంది. రెండూ ఇరవయ్యెనిమిదే, ఇంకేం కావాలి? పక్కనే సన్నగా ఒకదానిపై 40-635, ఇంకోదానిపై 47-622 అని అచ్చేసి ఉంటుంది గానీ, దాన్ని చదివితే కళ్లు పాడవుతాయి. ఆ చివరి మూడంకెలు టైరు అంచు తీగ కూర్చునే చోట రిమ్ము వ్యాసం, మిల్లీమీటర్లలో. 635 టైరు 622 రిమ్ము మీదికి లీవరు అక్కర్లేకుండా వేళ్లతోనే ఎక్కేస్తుంది. ఇంత సుఖంగా ఎక్కినదాన్ని శంకించడం మర్యాద కాదు. పదమూడు మిల్లీమీటర్ల తేడా సంగతి గాలి కొట్టాక ట్యూబే బయటికొచ్చి చెబుతుంది.

సైజు సరిగ్గా ఉండి కూడా ఎక్కనని మొరాయిస్తే స్క్రూడ్రైవరు అందుకోండి. రిమ్ము మధ్యలోని లోతు గాడిని అలంకారమనుకోండి. వాల్వుకు ఎదుటివైపు మొదలుపెట్టి, అంచును చుట్టూ ఆ గాడిలోకి నొక్కుతూ వచ్చి వాల్వు దగ్గర ముగిస్తే కాస్త వదులు దొరుకుతుంది, చాలాసార్లు బొటనవేళ్లే సరిపోతాయి. కానీ అప్పుడు ట్యూబు నొక్కుకుపోయి చిరిగే భాగ్యం ఉండదు. 'యలహంకలోనే 1984 నుంచి రైలు చక్రాలు తయారవుతున్నాయి, అక్కడ ఇరుసును చక్రంలోకి ప్రెస్సుతో బిగిస్తారు, బిగువే కదా భద్రత' అని ఎవరైనా అడగొచ్చు. నిజమే, కానీ అక్కడ ముందు కొలుస్తారు, తర్వాతే బిగిస్తారు. పైగా ఆ చక్రాన్ని పట్టి ఉంచేది ఆ బిగువే. సైకిలు టైరుకు సైజు సరిపోవాలి, ఆపైన దాన్ని రిమ్ముకు అదిమిపెట్టేది లోపలి గాలి. ఎక్కించడానికి పడ్డ చెమట దేనికీ పూచీ కాదు.

ఇక గాలి. టైరు పక్కన అచ్చేసిన గరిష్ఠ అంకెను హద్దుగా కాక లక్ష్యంగా తీసుకుని, పెట్రోలు బంకు కంప్రెసరు దగ్గరికి వెళ్లండి. లారీ టైర్ల కోసం పెట్టిన ఆ యంత్రం సైకిలు ట్యూబును గేజి చూసేలోపే నింపేస్తుంది. 'గట్టి టైరే వేగంగా దొర్లుతుంది' అనే వాదన నున్నటి ట్రాక్ మీద చెల్లుతుంది. అతుకుల రోడ్డు మీద గట్టి టైరు ఎగిరెగిరి పడుతూ, తొక్కిన శ్రమలో కొంత కుదుపులకే ధారపోస్తుంది. టైరు లావయ్యేకొద్దీ అదే పీడనానికి లాగుడూ పెరుగుతుంది: 25 మిల్లీమీటర్ల టైరులో 100 పీఎస్ఐ తెచ్చే బిగువు, 50 మిల్లీమీటర్లదానికి 50 పీఎస్ఐకే వస్తుంది. లోపలి కొక్కెం అంచు లేని కొత్త రకం రిమ్ములకైతే ప్రమాణాలు పెట్టిన హద్దు 5 బార్, అంటే సుమారు 72 పీఎస్ఐ, టైరు మీద ఎంత రాసి ఉన్నా సరే. రిమ్ము బ్రేకులు పట్టుకుని నంది దిగితే ఆ వేడికి పీడనం ఇంకాస్త ఎక్కుతుంది కూడా. ఇంత సాహసం చేతకాని పిరికివాళ్లు మూడంకెలు చదివి, టైరు హద్దు, రిమ్ము హద్దుల్లో తక్కువదాన్ని పట్టుకుని, దానికీ కిందనే ఆగి, గేజి ఉన్న చేతిపంపుతో కొట్టుకోవచ్చు. పాపం, వాళ్లకు దారి మధ్యలో ఆగి అల్లరి చేసే యోగం లేదు.