పన్ను పేరెత్తక పన్నుల సభ నడుపు విధానము

అమెరికా దేశమున టెక్సస్ రాష్ట్ర ప్రజల ఆదరాభిమానములకు పాత్రులై, ఆస్టిన్ నగరమునందలి ఎఱ్ఱ గ్రానైటు శాసనసభా భవనపు మెట్లను తొలిసారిగా ఎక్కబోవుచున్న నూతన సభ్యులారా! మీకు ముట్టు జీతము నెలకు 600 డాలర్లు. మీ సభ కూడునది రెండేండ్లకొక పర్యాయము, అదియు 140 దినములకు మించి కాదు. ఆ స్వల్పవ్యవధిలో మీ బల్లల మీదికి వచ్చి పడు బిల్లులు, 2025 నాటి సమావేశముల లెక్క చూచినచో, 8,000 పైచిలుకు. వీనినన్నింటిని చదివిన పిమ్మటనే ఓటు వేయుడని మిమ్ము ఎవరైనను పురికొల్పినచో, వారు మీ సీటుపై కన్ను వేసిన వారై యుందురని శంకింపుడు. వేలకొలది బిల్లులలో మీ పేరు నిలుపగలవి మూడు జాతులే గలవు: ఒకటి టాక్సు క్రెడిటు, రెండవది పన్ను కట్టువానికి పంపు నోటీసు, మూడవది లాటరీ టిక్కెట్ల అమ్మకము. ఈ మూటిని వశపఱచుకొన్నవానికి తక్కిన రాజనీతి యంతయు గ్రంథాలయములందు భద్రముగా నుండిపోయినను నష్టము లేదు.

ముందుగా నొక నియమము. పన్ను వేయుదునని గాని, పన్ను పెంచుదునని గాని మీ నోట వెలువడరాదు. ఆదాయపు పన్ను విషయమున మీకా శ్రమ లేదు. వ్యక్తుల ఆదాయముపై పన్ను వేయరాదని 2019లో ఓటర్లే రాజ్యాంగమున వ్రాయించిరి. కావున రాష్ట్రపు బొక్కసము ప్రధానముగా అమ్మకపు పన్ను మీద బ్రదుకుచున్నది: రాష్ట్రమునకు నూటికి 6.25, స్థానిక సంస్థలకు గరిష్ఠముగా మఱి 2, వెరసి 8.25. బడులు, కౌంటీలు, నగరములు ఇండ్ల పన్ను మీద బ్రదుకుచున్నవి. ఇండ్ల పన్నుపై జనులు మండిపడుచున్నారు గావున మీరును వారితోపాటు మండిపడవలయును. 2023లో బడిపన్ను లెక్కించునపుడు స్వగృహపు విలువ నుండి తీసివేయు మొత్తమును 40,000 డాలర్ల నుండి 1,00,000 డాలర్లకు, 2025 నవంబరులో దానినే 1,40,000 డాలర్లకు పెంచిరి. అందువలన బడులకు తగ్గిన సొమ్మును రాష్ట్రము తన బొక్కసము నుండి పూడ్చును. ఆ బొక్కసమున చెప్పులు కొన్నవాని అమ్మకపు పన్ను గలదు, అద్దె యింట నున్నవాని అమ్మకపు పన్నును గలదు. అద్దె యింటివానికి స్వగృహపు మినహాయింపు రాదని ఎవడైనను సభలో లేచి పలికినచో, ఆతడు మాటాడుచున్నంతసేపు మీరు నీరు త్రాగివచ్చుటకు వెలుపలికి పోవుట మర్యాద.

ఇక టాక్సు క్రెడిటు సంగతి. ఒక కంపెనీకి బొక్కసము నుండి కోటి డాలర్లు ఇచ్చివేయుదమని మీరు ప్రతిపాదించినచో, పత్రికలవారు గుమిగూడుదురు, ప్రతిపక్షులు లెక్కలు తీయుదురు, తుదకు మీ యింటి ముంగిట నొకడు అట్టముక్క పట్టుకొని నిలుచును. అదే కోటిని ఆ కంపెనీ కట్టవలసిన పన్నులోనే తగ్గించినచో అది వ్యయము కాదు, రాకపోయిన రాబడి మాత్రమే. రాకపోయినదానికి రసీదు ఉండదు. వ్యయపద్దు రెండేండ్లకొకమాఱు సభ ముందు చేతులు కట్టుకొని నిలువవలసి యుండగా, క్రెడిటు మాత్రము పన్నుల స్మృతిలో నొక ఉపనిబంధనమై యుండి, తన జన్మదినమునకు కూడ ఎవ్వరిని పిలువకయే వర్ధిల్లుచుండును. దీనికి గడువు పెట్టుడు. గడువు పెట్టినచో మీరు పొదుపరులని ఖ్యాతి వచ్చును. గడువు సమీపించినపుడు దానిని తొలగింపుడు. టెక్సస్‌లో పరిశోధనాభివృద్ధులకై కంపెనీల ఫ్రాంచైజు పన్నులో ఇచ్చుచున్న క్రెడిటు 2026 చివర ముగియవలసినది. 2025లో దానిని శాశ్వతము గావించి, 5 శాతముగా నున్న ప్రధానపు రేటును 8.722 శాతము చేసిరి. ఈ అంకెను శ్రద్ధతో పరిశీలింపుడు. తొమ్మిది అనియున్నచో ఎనిమిది చాలదా యని బేరమాడెడివారు; దశాంశము పిదప మూడు స్థానములున్న అంకె ముందు మాత్రము సభ్యులందఱు వేదమంత్రము విన్నట్లు తల వంచి యుందురు.

ఈ విద్యలో మీకు గురుస్థానము జార్జియా రాష్ట్రము. అచట చలనచిత్రము తీసినవారికి వ్యయములో నూటికి 20 చొప్పున క్రెడిటు. చిత్రాంతమున ఆ రాష్ట్రపు పీచు పండు బొమ్మను చూపినచో మఱి 10. కాలిఫోర్నియా నుండి వచ్చిన నిర్మాతకు జార్జియాలో కట్టవలసిన పన్నే అంతగా నుండదు గదా, పన్నే లేనివానికి పన్ను తగ్గింపు దేనికని మీకు సందేహము కలుగవచ్చును. ఆతడు ఆ క్రెడిటును అచ్చటనే పన్ను కట్టవలసిన మఱియొకనికి కొంత తగ్గింపు ధరకు అమ్ముకొనును. కొన్నవాడు దానిని తన పన్నుకు చెల్లువేసికొనును, అమ్మినవాడు నగదు పుచ్చుకొని మఱియొక చిత్రము మొదలుపెట్టును, ప్రేక్షకుడు పండును చూచి యింటికి పోవును. ఇందులో ఇచ్చినవాడెవడో తేల్చుటకు ఆడిటరు కావలయును.

రెండవ విద్య నోటీసు. ప్రజలకు తెలియజేయు బిల్లును వ్యతిరేకించుటకు ఎవనికిని ధైర్యము చాలదు గావున, ఇది ఎల్లవేళల గెలుచు బిల్లు. మెలకువ యంతయు తెలియజేయు తీరునందే యున్నది. ఫ్లారిడాలో ప్రతి ఆగస్టున ఇంటి యజమానికి వచ్చు కాగితమున, ఏ సంస్థ ఎంత పన్ను వేయదలచినదో, విచారణ యెపుడో, అన్నియు గడులు గడులుగా ముద్రించి, పైన మాత్రము ఇది బిల్లు కాదనియు, సొమ్ము కట్టవలదనియు పెద్ద అక్షరములలో వేయుదురు. కట్టనక్కఱలేదని తెలిసిన పిదప గడులు చదువువాడెవడు? టెక్సస్‌లో అంతకన్న సున్నితమైన పద్ధతి గలదు. 2019 చట్టము ననుసరించి ఆగస్టు 7వ తేదీలోగా ఆస్తి విలువ కట్టు ప్రధానాధికారి నుండి ప్రతి యజమానికి నోటీసు రావలయును. మీ పన్ను ఎంత కావచ్చునో తెలిసికొనవలెనన్నచో ఫలానా వెబ్‌సైటు చూడుడని అందు వ్రాసి యుండును. అనగా సమాచారము ఎచట నున్నదో తెలుపు సమాచారము. అది పిజ్జా దుకాణపు కూపనుకును, ఏసీ మరమ్మతు ప్రకటనకును నడుమ ఇమిడి, తపాలా పెట్టె నుండి చెత్తబుట్ట వఱకు గల అల్పదూరమును నిశ్శబ్దముగా దాటిపోవును. పత్రికలో వేయు నోటీసుకు మాత్రము పావు పేజీకి తగ్గని కొలతను, శీర్షికకు 24 పాయింట్లకు తగ్గని అచ్చును చట్టమే విధించినది. పత్రిక చదువువారు ఎందఱు మిగిలిరన్నది చట్టము పరిధిలోనిది కాదు.

ఇందలి అసలు రహస్యము ఇంకను చెప్పలేదు. ఒక నగరపు కౌన్సిలు గాని, కౌంటీ సభ గాని, నిరుటి ఆస్తుల మీద నిరుటి రాబడినే ఇచ్చు రేటును మించి పన్ను వేయదలచినచో, ప్రతిపాదించు సభ్యుడు చట్టము వ్రాసి యిచ్చిన వాక్యమునే ఉచ్చరించి, పన్నును పెంచుచున్నామనియు, నూటికి ఇంత పెంచుచున్నామనియు నిండుసభలో ఒప్పుకొనవలయును. ఈ సత్యవాక్యమును వ్రాసినవారు ఆస్టిన్ శాసనసభ్యులు. పలుకవలసినవారు ఊరి సభ్యులు. క్రెడిటు ఇచ్చునపుడు ఇంత రాబడి పోవుచున్నదని పలుకవలసిన అట్టి వాక్యమును తమకై వ్రాసికొనుటకు వారికి 140 దినములు చాలలేదు కాబోలు.

ఈ నోటీసుల ఋతువున డాలస్ పరిసరములందలి ఫ్రిస్కో, ఇర్వింగ్ పట్టణముల తెలుగువారి పాండిత్యమును మీరొకమాఱు చూడదగును. ఏప్రిల్‌లో ఇంటి విలువ కట్టిన నోటీసు వచ్చినది మొదలు, ఆ విలువపై అభ్యంతరము తెలుపుటకు గల మే 15 గడువు వఱకు వాట్సాప్ బృందములలో పెండ్లి సంబంధములు సైతము వెనుకబడును. ప్రొటెస్టు వేసితిరా యనునదే కుశలప్రశ్న. ప్రక్కవీథిలో అదే కొలతల యిల్లు తక్కువకు పోయినదని ఒకరు, పునాది బీటను ఫోటో తీసి జతపఱచుడని మఱియొకరు, తగ్గించిన దానిలో వాటా పుచ్చుకొను ఏజెంటు మేలని వేఱొకరు. ఇల్లు కొన్ననాడు రాజమహలని పొగడిన నోటితోనే వంటింటి గోడ చెమ్మను, వెనుకనున్న రహదారి రొదను వర్ణించి, ధర కొంత తగ్గించుకొని సంతృప్తులగుదురు. సభ్యులారా, ఈ సంతృప్తి మీ భాగ్యము. విలువతో కుస్తీ పట్టినవాడు ఆగస్టున రేటు నిర్ణయించు నాటికి అలసి యుండును. రేటు విచారణ నాడు కుర్చీలు ఖాళీగా నుండును.

మూడవది, అన్నింట రసవత్తరమైనది, లాటరీ. పన్ను వేయు ప్రభువును జనులు తిట్టుదురు. లాటరీ అమ్ము ప్రభువు ముంగిట వరుస కట్టుదురు. ఆదాయపు పన్నును, అమ్మకపు పన్నును రెండును లేని న్యూ హాంప్‌షైర్ 1964లో గుఱ్ఱపుపందెమునకు ముడిపెట్టి విద్యానిధికై టిక్కెట్లు అమ్మినది మొదలు, నేటికి అమెరికాలో లాటరీ లేని రాష్ట్రములు ఐదే మిగిలినవి. వానిలో నెవాడా యొకటి. జూదగృహములకు రాజధానియైన ఆ రాష్ట్రమున లాటరీని రాజ్యాంగమే నిషేధించినందున, లాస్ వేగాస్ నివాసులు కాలిఫోర్నియా సరిహద్దు దాటి, అచ్చటి దుకాణము ముందు ఎండలో నిలిచి టిక్కెట్లు కొని వచ్చుచుందురు.

టెక్సస్‌లో 1991 నవంబరున ఓటర్లు ఒప్పుకొనగా, 1992 మే 29న గవర్నరు ఆన్ రిచర్డ్స్ తొలి టిక్కెట్టు కొని అమ్మకములను ఆరంభించిరి. ఆ సొమ్ము బడులకే పోవునని అనేకులు నమ్మిరి. తొలి ఐదేండ్లు అది సాధారణ నిధిలో కలిసిపోయినది. 1997లో గాని పాఠశాలల నిధికి చెందునని చట్టము కాలేదు. మీకు పాఠ మేమనగా, నమ్మకము ముందు అమ్ముడు పోవును, చట్టము నెమ్మదిగా రావచ్చును. ఇప్పుడు అమ్మకములో సుమారు నాల్గవ వంతు ఆ నిధికి చేరును, అమ్మిన దుకాణదారునకు నూటికి 5 కమీషను. గ్యాస్ స్టేషనులో గల్లాపెట్టె వెనుక గాజుపలకలలో చుట్టలు చుట్టలుగా వ్రేలాడు ఆ గోకుడు టిక్కెట్లను చూచితిరా? వాని ధర ఒక డాలరు మొదలు, 2022లో దేశమునందే తొలిసారిగా టెక్సస్ తెచ్చిన నూఱు డాలర్ల టిక్కెట్టు వఱకు గలదు. పని దిగి వచ్చినవాడు, చమురంటిన వ్రేళ్ళతో నొక నాణెము పట్టుకొని, కౌంటరు మీదనే గోకి, వెండివన్నె పొడిని మోచేతితో తుడిచి, రెండు డాలర్లు వచ్చెనని మఱల రెండు డాలర్ల టిక్కెట్టే అడుగును. మీరు అచట నిలిచి ఆతనిని సంభాషణలోనికి దింపకుడు. సభలో మాటాడునపుడు బడిపిల్లలను గూర్చి చెప్పుడు, మాజీ సైనికుల సహాయ నిధికై అమ్ము టిక్కెట్లను గూర్చి చెప్పుడు.

ఇంతటి సుకుమారమైన యంత్రము కూడ ఒక్కొక్కపుడు మొరాయించును. 2023 ఏప్రిల్‌లో లాటో టెక్సస్ జాక్‌పాట్ 9 కోట్ల 50 లక్షల డాలర్లకు పెరిగినది. యాభైనాలుగు అంకెలలో ఆఱింటిని ఏరు ఆ ఆటలో సాధ్యమగు కూర్పులు సుమారు 2 కోట్ల 58 లక్షలు. టిక్కెట్టు ఒక్క డాలరు. లెక్క వచ్చిన ఒక కూటమి, అదృష్టదేవతను ఆరాధించుట కాలయాపనమని తలంచి, మూడు నాళ్ళలో ఇంచుమించు అన్ని కూర్పులను కొనివేసి, 5 కోట్ల 78 లక్షల నగదు పుచ్చుకొని పోయినది. అన్ని టిక్కెట్లు అచ్చొత్తుటకు కావలసిన అదనపు యంత్రములను సమకూర్చినది లాటరీని నడుపు రాష్ట్ర కమిషనే! 2025 ఫిబ్రవరిలో, ఫోను యాప్ ద్వారా టిక్కెట్లు కొనిపెట్టు కొరియరు కంపెనీ వలన అమ్ముడైన టిక్కెట్టుకు 8 కోట్ల 35 లక్షల జాక్‌పాట్ తగిలినది. అంతవఱకు కొరియర్లను అదుపు చేయు అధికారము తనకు లేదనుచు వచ్చిన కమిషనుకు, ఆ నెలలోనే ఆ అధికారము తన యొద్దనే యున్నట్లు స్ఫురించినది. గవర్నరు ఆ రెండు గెలుపులను విచారింపుడని రాష్ట్ర పోలీసులైన టెక్సస్ రేంజర్లను నియోగించిరి.

ఇట్టి సమయమున అనుభవహీనుడు లాటరీని మూసివేయుదమనును. మీరట్లు చేయకుడు; రాబడి పోవును. మీ పూర్వులు 2025లో కమిషనును రద్దు చేసి, ఫోను మీదను ఇంటర్నెట్టు మీదను అమ్మకములను నిషేధించి, సెప్టెంబరు 1 నుండి లాటరీని లైసెన్సుల శాఖకు అప్పగించిరి. ఆ శాఖ అదివఱకే క్షురకులకు, ఎలక్ట్రీషియన్లకు, కార్లను లాగుకొనిపోవు వాహనముల వారికి లైసెన్సులిచ్చుచు, బాక్సింగు పోటీలను పర్యవేక్షించుచున్నది. జుట్టు కత్తిరించువానిని, కారు లాగుకొనిపోవువానిని, ముక్కు పగులగొట్టువానిని ఏలిన అనుభవము లాటరీకి అక్కఱకు రాదనలేము. దోషి తొలగెను, బల్ల మారెను, టిక్కెట్టు అమ్ముడగుచునే యున్నది.

ఇన్ని మెలకువలు తెలిసిన పిదప చేయవలసిన పని స్వల్పము. తదుపరి సభ జనవరి రెండవ మంగళవారము మధ్యాహ్నము కూడును. బిల్లుల నమోదు మాత్రము నవంబరు ఎన్నికల తరువాతి సోమవారముననే తెఱచెదరు. ఆ ఉదయమే పోయి మీ మూడు బిల్లులను ఇచ్చివేయుడు. తొలి బిల్లు సంఖ్యలు స్పీకరు గారికిని, లెఫ్టినెంటు గవర్నరు గారికిని ప్రత్యేకింపబడి యుండును గావున, వానికై పట్టుపట్టకుడు. క్రెడిటు బిల్లు ఆర్థిక ప్రభావపు పత్రమున అంకె బదులు "నిర్ణయింప వీలుకాదు" అని వచ్చునట్లు వ్రాయింపుడు. గుమాస్తా రసీదు ఇచ్చును. దానిని మాత్రము చదివి భద్రపఱచుకొనుడు.