తుప్పుబోల్టు పద్యానికి టీకా తాత్పర్యం

మూలము

తుప్పు పట్ట బోల్టు తొలగకపోయిన
తడిపి రాత్రి యుంచి తట్టి చూడు
కాచి నట్టు చుట్టు కదిలింపు మెల్లగా
కదలకున్న నాడు కత్తిరించు

అవతారిక

పద్యం నాదే. అందుకే ఆటవెలది, సీసం రాసే ఓపికే ఉంటే ఆ ఓపికతో రెండు బోల్టులు ఊడేవి. అర్థం మాత్రం గుడివాడ, బందరు, అవనిగడ్డ షెడ్లలో ముసలి లారీలను విప్పే మేస్త్రీలది. మూలంలో లేనిది రాయను, అక్కర్లేనిది చెప్పను అని వ్యాఖ్యాత మల్లినాథసూరి ప్రతిజ్ఞ. ఆయన మీద గౌరవం ఉన్నా మొదటి సగం నేను పాటించలేను. ఈ పద్యంలో ఉన్నదాని కంటే లేనిదే మనుషుల ప్రాణం మీదికి తెస్తుంది.

ప్రతిపదార్థము

తుప్పు పట్టన్ = తుప్పు పట్టగా. ఇది ఉత్త వానతుప్పు కాదు. గిలకలదిండి రేవు చేపలు, నాగాయలంక వైపు రొయ్యలు మోసిన లారీలో మంచు కరిగి, ఆ ఉప్పునీరు బాడీ చెక్కల సందుల్లోంచి చాసిస్ మీదికి కారుతుంది. బందరు కొటారుల ఉప్పు బస్తాలెక్కిన బండి సంగతి వేరే చెప్పాలా! ఉప్పు గాలిలోని తేమను పీల్చుకుని ఇనుమును ఆరనివ్వదు. ఇనుము తుప్పయ్యేటప్పుడు రెండింతలకు మించి ఉబ్బుతుంది. మర సందున ఉబ్బడానికి చోటు లేదు కనుక నట్టునూ బోల్టునూ బిగదీసి పట్టేస్తుంది.

బోల్టు = మరమేకు. ఏ జాతిదో ముందు తేల్చుకోవాలి. టాటా వారు 1954లో జర్మనీ డైమ్లర్ బెంజ్‌తో కలిసి లారీలు మొదలుపెట్టారు. వారి మరలు మిల్లీమీటర్లవి. మద్రాసు అశోక్ మోటార్స్ 1955లో అశోక్ లేలాండ్ అయింది. ఇంగ్లండు సంబంధం, పాత బండ్లకు అంగుళాల మరలు. అర అంగుళం తల అంటే 12.7 మిల్లీమీటర్లు. 13 పానా దానికి పట్టినట్టే ఉంటుంది. బలం పెట్టగానే మూలలు అరిగి తల గుండ్రమవుతుంది. ఆ తర్వాత పద్యం చివరి పాదం తప్ప మరేదీ పనికిరాదు.

తొలగకపోయినన్ = ఊడిరాకపోతే. అసలు ఎటు తిప్పుతున్నామో చూసుకోవాలి. చాలా పాత లారీలకు ఎడమవైపు చక్రాల నట్లు ఎదురు మర. విప్పుతున్నాననుకుని ఇద్దరు మనుషులు వేలాడి బిగిస్తారు.

తడిపి = వైరు బ్రష్షుతో తుప్పు రాల్చి, కిరసనాయిలో, డీజిలో, తుప్పు వదిలించే నూనో పోసి. రాత్రి యుంచి = తెల్లవార్లూ వదిలేసి. ఇక్కడ “తడిపి గంట యుంచి” అని పాఠాంతరం వినిపిస్తుంది. ఛందస్సు చెడదు, బోల్టు చెడుతుంది. గ్రాహ్యం కాదు.

తట్టి = సుత్తితో తల మీద నిటారుగా నాలుగు దెబ్బలు వేసి. తుప్పు పొర బీటలిచ్చి నూనె లోపలికి దిగాలి, అంతే. సమ్మెట ఎత్తమని కవి అనలేదు.

కాచి = గ్యాసు మంటతో వేడిచేసి. నట్టు చుట్టు = నట్టునే, బోల్టును కాదు. 24 మిల్లీమీటర్ల బోల్టుకున్న నట్టును 300 డిగ్రీలు వేడెక్కించినా దాని కన్నం పెరిగేది మిల్లీమీటరులో పదోవంతు కూడా ఉండదు. తుప్పు పట్టు సడలడానికి ఆ మాత్రం చాలు. బోల్టును కాలిస్తే అదీ ఉబ్బి ఇంకా గట్టిగా కూర్చుంటుంది. వేడి నట్టు అంచున కొవ్వొత్తి ఆనిస్తే మైనం కరిగి మరలోకి దిగుతుంది. కవికి స్థలం చాలక వదిలేశాడు.

కదిలింపు = ముందు బిగించే వైపు వెంట్రుకవాసి, తర్వాత విప్పే వైపు, మళ్లీ వెనక్కి. రెండు మూతుల పానా వద్దు, ఆరు మూలలూ పట్టే బాక్సో రింగో వాడాలి. పానాను మన వైపు లాగాలి. తోస్తే, జారిననాడు వేళ్ల కణుపులు చాసిస్‌కు పోయి కొట్టుకుంటాయి.

కత్తిరించు = రంపంతోనో, ఉలితోనో, గ్యాసు కట్టరుతోనో కోసెయ్యి. కళ్లద్దాలు పెట్టుకోమని చెప్పకపోవడం కవి దోషం. కవిని నేనే కనుక ఒప్పుకుంటున్నాను.

తాత్పర్యము

తొందరపడ్డవాడికి ఒక బోల్టుకు రెండు పనులు.

అధ్యాహారము

పద్యంలో బోల్టు ఉంది. ఆ బోల్టు ఏం పట్టుకుని ఉందో లేదు. టీకాకారుడి పనంతా ఇక్కడే.

మొదట రెండు పాదాల మధ్య తగాదా. రెండో పాదం కిరసనాయిలు పొయ్యమంది, మూడోది మంట పెట్టమంది. నడుమ “తుడిచి, ఆరనిచ్చి” అని పూరించుకోవాలి. బ్యాటరీ తీగలు అంతకుముందే తీసెయ్యాలి. డీజిలు ట్యాంకును విప్పి దూరంగా పెట్టాలి. ఖాళీ ట్యాంకే కదా అనడం పెద్ద తప్పు: నిండు ట్యాంకులో నూనె ఉంటుంది, ఖాళీ దానిలో ఆవిరి ఉంటుంది, పేలేది ఆ ఆవిరే.

చక్రం నట్ల జోలికి వెళ్లేముందు ట్యూబులో గాలి పూర్తిగా తీసెయ్యాలి, వాల్వు పిన్నుతో సహా. లాకు రింగుల డిస్కు తుప్పు పట్టి ఉంటే, గాలి మీద ఉన్న రింగు ఎగిరివస్తే మనిషి దక్కడు. వెనక ఇరుసు దగ్గర స్ప్రింగు బ్రేకు బూస్టరు ఉంటే దాని బిగింపు పట్టీని అసలు ముట్టరాదు. గాలంతా పోయినా లోపలి స్ప్రింగు నొక్కుకునే ఉంటుంది. కేజింగు బోల్టుతో దాన్ని బంధించి, బూస్టరును మొత్తంగా దించడమే పద్ధతి.

కమాను కట్టల యూబోల్టుల సంగతి వేరు. వాటిని మళ్లీ వాడరు కనుక తడపడాలూ తట్టడాలూ దండగ. నాలుగో పాదం నుంచే మొదలుపెట్టవచ్చని నా అభిప్రాయం. కాకపోతే ముందు చాసిస్ కింద దుంగలో స్టాండ్లో ఉండాలి, ఇరుసు కింద వేరే జాకీ ఉండాలి. జాకీ ఎత్తడానికి, నిలబెట్టడానికి కాదు. దివిసీమ నల్లరేగడిలో, వాన పడ్డ మర్నాడు, జాకీ కింద మందపాటి పలక లేకపోతే అది కళ్లముందే నేలలోకి దిగుతుంది.

పాత బ్రేకు లైనింగుల్లో ఆస్‌బెస్టాస్ ఉండవచ్చు. డ్రమ్ము విప్పి గాలిపైపుతో ఊదడం షెడ్లలో అలవాటు. తడిగుడ్డతో తుడవాలి.

విశేషములు

ఈ షెడ్ల ప్రాంతంలోని మొవ్వ పదకర్త క్షేత్రయ్య ఊరు గనుక అష్టవిధ నాయికాభేదాన్ని ఇక్కడ వదలడం న్యాయం కాదు. వేళ్లతోనే వచ్చేది స్వాధీనపతిక. పానాతో పాటు తానూ తిరుగుతూ ఆశపెట్టి ఎంతకీ రానిదాని ముందు మేస్త్రీయే విప్రలబ్ధుడు; రెండో మనిషి వెనక తలను పట్టుకోవాలి. తల తెగి మొండెం మిగిలింది ఖండిత. మొండేనికి కొత్త నట్టు పెట్టి లోపల వెల్డింగు చేసి, ఆ వేడి చల్లారాక తిప్పితే చాలాసార్లు వస్తుంది. మిగిలిన ఐదుగురు నాకు షెడ్డులో ఇంకా తారసపడలేదు.

ఫలశ్రుతి

ఈ పద్యం ప్రకారం బండిని విప్పినవాడికి గేరుబాక్సు గేరుబాక్సు ధరకు పోతుంది, తుక్కు ధరకు కాదు. పనికిరాకుండా పోయిన బండి సంగతి మోటారు వాహనాల చట్టం 55వ సెక్షను ప్రకారం యజమాని 14 రోజుల్లోగా రిజిస్టరు చేసే ఆఫీసుకు తెలియజెయ్యాలి. కట్టరు పట్టుకున్న కుర్రాడికి ఈ సెక్షను తెలియదు. చాసిస్ నంబరు చెక్కి ఉన్న ముక్క చుట్టూ సుద్దతో గీత గీసి, దాని మీద మంట పెట్టొద్దని అతనికి ముందే చెప్పాలి. ఆర్సీ రద్దుకు ఆ ముక్కతోనే పని.