కారుగారి గృహప్రవేశం

హైదరాబాద్‌లో అపార్ట్‌మెంట్ కట్టాలంటే ముందు కారుగారికి గది కట్టాలి. మీకు కారు లేదా? అది మీ కర్మ. కట్టే విస్తీర్ణంలో ఇంత శాతం పార్కింగ్‌కు వదలకపోతే ప్లాను పాసవదు. స్థలాన్ని బట్టి ఇంతే కట్టాలనే ఎఫ్ఎస్ఐ పరిమితిని మాత్రం 2006లోనే ఎత్తేశారు. మనుషుల్ని ఎంతైనా కుక్కొచ్చు. కార్లకు ఇరుకు కాకూడదు!

లెక్క చూడండి. సెల్లార్‌లో ఒక్క కారుకు, అది తిరిగే దారితో కలిపి, ప్లానర్లు వేసే లెక్క 32 చదరపు మీటర్లు. అంటే దాదాపు 344 చదరపు అడుగులు. తెలంగాణ సర్కారు పేదలకు కట్టించిన డబుల్ బెడ్రూం ఇల్లు 560. రెండు కార్లు కాపురం పెడితే ఆ జాగా పేదోడి ఇంటిని మించిపోయిందన్నమాట! వాటికి దరఖాస్తు లేదు, లాటరీ లేదు, ఎమ్మెల్యే సిఫారసు అక్కర్లేదు. ఖర్చెవరిది? ఫ్లాటు కొన్నవాడిది. అద్దెకున్నవాడిది. స్కూటీ కూడా లేనివాడిది.

పోనీ, ఆ కార్లు సెల్లార్‌లోనే ఉన్నాయా? దిగి చూడండి. ఒకచోట జిరాక్స్ షాపు, ఒకచోట టిఫిన్ సెంటర్ వంటగది, ఇంకోచోట గోడౌన్. 2022 సెప్టెంబరులో సికింద్రాబాద్‌లో ఓ హోటల్ కింద ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూం అంటుకుంది. 8 మంది చనిపోయారు. నాలుగు రోజులు తనిఖీలు, నోటీసులు, టీవీల్లో చర్చలు. ఆ తర్వాత షట్టర్లు మామూలే.

మరి కార్లేవీ? ఇంకెక్కడ, ఫుట్‌పాత్ మీద! ఒక టైరు కాలిబాట మీద, ఒకటి డ్రైనేజీ మూత మీద. వాలెట్ కుర్రాడు ఈలేసి మరీ ఎక్కిస్తాడు. పక్కనే మిర్చిబజ్జీల బండి పెట్టుకున్న ఆవిడ. వీధి వ్యాపారులకు రక్షణగా 2014 నుంచి చట్టముంది. అయినా మున్సిపాలిటీ లారీ వచ్చేది ఆవిడ మూకుడు కోసమే. ఆక్రమణట! ఆ బండి నాలుగడుగులు. పక్కనున్న ఎస్‌యూవీ పద్నాలుగు అడుగులు. దాన్నేమంటారు? "సార్ బండి" అంటారు.

మాటలకేం, కోటలు దాటాయి. పార్కింగ్‌కు స్థలం విలువకు తగ్గ రుసుం గట్టిగా వసూలు చేయాలని 2006లోనే జాతీయ పట్టణ రవాణా విధానం చెప్పింది. పార్కింగ్ జాగా ఉన్నట్టు ధ్రువపత్రం లేనిదే బండి రిజిస్ట్రేషన్ ఉండదని 2016 డిసెంబరులో కేంద్రమంత్రి హోదాలో మన వెంకయ్యనాయుడు గారే సెలవిచ్చారు. జపాన్‌లో 1962 నుంచే అలాంటి చట్టం ఉంది. ఇక్కడ ఆ మాటను ఏ సెల్లార్‌లో పార్క్ చేశారో! 2018లో వచ్చిందల్లా జీవో 63. మాల్‌లో మొదటి అరగంట పార్కింగ్ ఉచితం, బిల్లు చూపిస్తే ఇంకాస్త ఉచితం. ఉచితమా, నా మొహమా! ఆ జాగా అద్దె పాప్‌కార్న్‌లోంచి లాగరూ? సిటీ బస్సు దిగొచ్చినవాడూ అదే పాప్‌కార్న్ కొంటాడు. బస్సు టికెట్ చూపిస్తే పైసా అయినా తగ్గిస్తారా?

సైకిళ్లకేం చేయలేదా అంటారా? చేశారు. 2023లో ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 23 కిలోమీటర్ల ట్రాక్, పైన సోలార్ కప్పు. చూడముచ్చటగా ఉంది. ఆదివారం తెల్లారగట్ల కారు వెనక సైకిల్ కట్టుకుని వెళ్లి, తొక్కి, మళ్లీ కారెక్కి వచ్చేయొచ్చు. కూకట్‌పల్లిలో పాలప్యాకెట్లు వేసే కుర్రాడికో? కప్పు దేవుడెరుగు, రోడ్డు వారన జానెడు జాగా లేదు.

మెక్సికో సిటీ 2017లో ఈ పార్కింగ్ రూలును తిరగేసింది. ఇంత పార్కింగ్ కట్టాల్సిందే అనడం మానేసి, ఇంతకు మించి కట్టొద్దంది. మనమూ మెట్రో స్టేషన్ల చుట్టూ మొదలుపెట్టొచ్చు. సెల్లార్ బలవంతం వద్దు. రోడ్డు మీద పెట్టేవాడు గంటకింత కట్టాలి, ఆ డబ్బుతో ఆ వీధిలోనే ఫుట్‌పాత్ వేయాలి. "కార్లవాళ్లు ఊరుకోరండీ" అంటారు ఏలికలు. ఓహో, నడక అంటే వీళ్లకు తెలియదా? 2003లో వైఎస్ చేవెళ్ల నుంచి ఇచ్ఛాపురం దాకా నడిచారు. తర్వాత చంద్రబాబు నడిచారు, జగన్ నడిచారు, రేవంత్ నడిచారు. అందరికీ కుర్చీ దక్కింది. కాకపోతే నడిచింది రోడ్డు నడిమధ్యన, పోలీసులు ట్రాఫిక్ ఆపితే. ఒక్కసారి అమీర్‌పేట నుంచి పంజాగుట్ట దాకా, సాయంత్రం ఆరింటికి, ఫుట్‌పాత్ దిగకుండా నడిచి చూపించమనండి.