పట్నం చూడటమంటే

మా రోజుల్లో చెన్నపట్నం చూడాలంటే కోట ఊళ్లో బస్సెక్కి గూడూరులో దిగి, పాసింజరు రైల్లో సెంట్రల్ చేరేవాళ్లం. మూటకట్టుకుపోయిన పులిహోర మూర్ మార్కెట్ దగ్గర తిని, ఇక నడకే. పక్కనే బతికిన కాలేజీ, అంటే జంతువులుండే జూ; ఎగ్మూరులో చచ్చిన కాలేజీ, అంటే మ్యూజియం. 1959లో కట్టిన ఎల్.ఐ.సి. బిల్డింగు ముందు నిలబడి మెడలు నొప్పెట్టేదాకా పద్నాలుగు అంతస్తులూ లెక్కపెట్టేవాళ్లం. తిరిగొచ్చాక వారం రోజులు అరుగు మీద అవే కబుర్లు.

ఇప్పుడు పొద్దున కారులో పోతారు, మాల్లో తిరుగుతారు, మెరీనాలో ఫోటోలు దిగుతారు, రాత్రికి ఇంట్లో ఉంటారు. ఏం చూశార్రా అంటే ఫోను చేతికిస్తారు. వెనక కనిపించే ఎర్ర బిల్డింగేదని అడిగితే తెలీదు!

మూర్ మార్కెట్ 1985లో కాలిపోయింది, జంతువులు వండలూరుకు పోయాయి. ఆ రెండూ చూడలేదని నేను ఎవర్నీ తప్పుపట్టను. 1851లో పెట్టిన మ్యూజియం మాత్రం ఎక్కడికీ పోలేదు కదా. మన అమరావతి స్తూపం శిల్పాలు అందులో ఉన్నాయి. తెలుగువాళ్లు ఆ గేటు ముందునించే పోతూ లోపలికి తొంగిచూడకపోతే నాకు కడుపు మండుతుంది.

సెయింట్ జార్జి కోట సంగతి ఇంకా అన్యాయం. అది కట్టిన ఇసకనేలను 1639లో ఇంగ్లీషు కంపెనీకి ఇచ్చింది దామర్ల వెంకటాద్రి నాయకుడు, మన తెలుగు దొర. ఆయన తండ్రి చెన్నప్ప పేరే పట్నానికి పెట్టారు. ఆ నేల అడిగి తీసుకున్న కంపెనీ మనిషి ఫ్రాన్సిస్ డే ఎక్కడినించి పోయాడు? మన వాకాడు పక్కనున్న దుగరాజపట్నం నించి! కంపెనీ వాళ్లు 1626 ప్రాంతంలో అక్కడ దిగి, గిడ్డంగి పెట్టి, చుట్టూ కోట కట్టుకున్నారు. దాన్ని ఆర్మగావ్ అనేవాళ్లు. బట్టల బేరం అక్కడ వాళ్లకు కలిసిరాలేదు, దక్షిణానికి మళ్లారు. కలిసొచ్చుంటే మద్రాసు చరిత్ర ఇంకోలా ఉండేది. 2014 విభజన చట్టంలో ఓడరేవు మాట వచ్చినప్పుడు తప్ప దుగరాజపట్నం పేరు ఎవరి నోటా వినలేదు.

మా మనవళ్లు తూపిలిపాళెం బీచికి సముద్ర స్నానానికి పోతుంటారు. అటే దుగరాజపట్నం కూడా చూసి రండ్రా అంటే, అక్కడేముంది తాతా అంటారు. చెప్పడం మొదలుపెడితే సగంలోనే లేచిపోతారు.