రెండంగుళాల తీగ

అమ్మకు డెబ్బై మూడేళ్లు. ఆ జనవరి తెల్లవారుజామున గీసర్ వేసుకుంది. ఎంతసేపటికీ నీళ్లు కాగలేదు. ఏమైందోనని తడిచేత్తో కుళాయి తిప్పింది. బకెట్ దొర్లిన చప్పుడుకు లేచి పరుగెత్తాను. తలుపుకు చేరగిలబడి, కుడిచేతిని ఎడమచేత్తో పట్టుకుని కూర్చుంది. పెదవులు వణుకుతున్నాయి. ఆ షాక్‌కు కారణం నేనే.

తార్నాకలో మాది పాత ఇల్లు. బాత్రూమ్ గోడలో రెండే తీగలున్నాయి, ఫేజు, న్యూట్రల్. ఎర్తు లేదు. గీసర్ కొన్నప్పుడు, లైసెన్సున్న ఎలక్ట్రీషియన్ ఒకాయన వచ్చి చూశాడు. పెరట్లో గొయ్యి తవ్వి ఎర్తింగ్ చేయాలని, బోర్డు నుంచి విడిగా తీగ లాగాలని, ఒక రోజంతా పడుతుందని చెప్పాడు. బిల్లు పెంచడానికే ఇదంతా అంటున్నాడనుకుని పంపేశాను. ఆ మనిషిని అలా అనుమానించినందుకు ఈనాటికీ సిగ్గుపడుతున్నాను.

నేను ఉస్మానియా క్యాంపస్‌లో పిల్లలచేత ఫిజిక్స్ ప్రాక్టికల్స్ చేయించేవాణ్ణి. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర న్యూట్రల్‌ను భూమికే కలుపుతారు కదా, రెండూ ఒకటే అనుకున్నాను. సాకెట్ విప్పి, ఎర్తు పిన్నుకూ న్యూట్రల్‌కూ మధ్య రెండంగుళాల తీగముక్క బిగించాను. పదకొండు నెలలు ఏమీ కాలేదు. ఆ పదకొండు నెలలూ నేను సరిగానే చేశానని నమ్మాను.

ఆ రాత్రి స్విచ్‌బోర్డులో న్యూట్రల్ స్క్రూ వదులై తీగ ఊడింది. కరెంటుకు తిరిగి వెళ్లే దారి లేదు. ఫేజు హీటర్ కాయిల్ గుండా వచ్చి, నేను బిగించిన ముక్క మీదుగా గీసర్ ఒంట్లోకీ, ఇనుప పైపులోకీ, కుళాయిలోకీ పాకింది. నీళ్లు కాగకపోవడమే ప్రమాద సూచన. అది అమ్మకెలా తెలుస్తుంది? 230 వోల్టులను తడి ఒంటి నిరోధం, సుమారు వెయ్యి ఓమ్‌లతో భాగిస్తే పావు ఆంపియరుకు దగ్గర. గుండె ఆగడానికి అందులో సగం చాలు. 16 ఆంపియర్ల ఎంసీబీకి అది లెక్కలోకే రాదు. అది కాపాడేది తీగను, మనిషిని కాదు. ఈ భాగహారం బోర్డు మీద ఎన్నిసార్లు చేయించానో!

సిగ్గు విడిచి మళ్లీ ఆయన్నే పిలిచాను. సాకెట్ విప్పి, ఆ ముక్క కేసి చూసి, "ఇది ఎవరు పెట్టిండ్రు సార్?" అన్నాడు. "నేనే అన్నా" అన్నాను. ఆయన ఇంకేమీ అనలేదు. ముక్కను ఊడదీసి నా అరచేతిలో పెట్టాడు. ఒక కొన నల్లబడి ఉంది.

పెరట్లో గొయ్యి తీసి పైపు దింపాడు. బొగ్గు, ఉప్పు వరుసలుగా పోసి నీళ్లు పోశాడు. బాత్రూమ్ దాకా పచ్చతీగ లాగాడు. 30 మిల్లీ ఆంపియర్ల లీకేజీకే తెగిపోయే ఆర్‌సీసీబీ పెట్టి, నెలకోసారి దాని టెస్ట్ బటన్ నొక్కి చూడమన్నాడు. బల్బు, ఫ్యూజు, స్విచ్చు మనం మార్చుకోవచ్చు కానీ, వైరింగ్‌లో మార్పు చేయాలంటే లైసెన్సున్న కాంట్రాక్టరే చేయాలని చట్టం ఎప్పటినుంచో చెబుతోంది. దాన్ని నేను కాగితాల తతంగం అనుకున్నాను.

ఇప్పుడు అంతా సరిగానే ఉంది. అయినా అమ్మ కుళాయి ముట్టుకోదు. నీళ్లు కాగాక నేను ప్లగ్గు పీకి, ఆమెకు కనపడేలా మేకుకు తగిలిస్తాను. దాన్ని ఓసారి చూసి, అప్పుడు లోపలికి వెళుతుంది.