మాఫీకీ ఓ దరఖాస్తు

అమెరికాలో మ్యూజియం వాళ్లు స్మారక ప్రదర్శనను నడివీధిలో పెడతామంటే, కొన్నిచోట్ల నగర కౌన్సిల్ పెద్ద మనసు చేసుకుని పర్మిట్ ఫీజు మాఫీ చేస్తుంది.

ఊరికే కాదండోయ్! మాఫీకి దరఖాస్తు, దరఖాస్తుపై సిబ్బంది నివేదిక, అజెండాలో చోటు, చర్చ, ఓటు. పోయినవాళ్లకు ఎటూ తొందర లేదు కదా.

మ్యూజియం గుమ్మం దాటితే లెక్క వేరు. న్యూయార్క్‌లో సెప్టెంబరు 11 దాడుల స్మారక మ్యూజియం 2014లో తెరిచినప్పుడు టికెట్ 24 డాలర్లు. లోపలే కానుకల దుకాణం. అందులో అమెరికా పటం ఆకారంలో చీజ్ వడ్డించే పింగాణీ పళ్లెం. విమానాలు కూలిన చోటల్లా ముద్దుగా ఓ గుండె బొమ్మ!

జనం దుమ్మెత్తిపోశాక పళ్లెం మాయమైంది.

దుకాణం ఉంది. టికెట్ రేటైతే పెరిగింది.