సద్ది కట్టుకోండి: ఒక వాట్సాప్ సందేశానికి టీకా తాత్పర్యం

మూలం:
‘ఈ ఆదివారం పూండి పోదాం. ఏరు చూసి, అడవి దోవన గుహల దాకా నడిచి, పాత మనుషులుండిన ఊరు చూసొద్దాం. సద్ది కట్టుకోండి. బిరాన రండి.’

అవతారిక: ఆరణిలో ఒక తెలుగింటి పెద్దమామ శుక్రవారం రాత్రి భోజనమయ్యాక కుటుంబం వాట్సాప్ గ్రూపులో పెట్టిన సందేశమిది. అయిదు నిమిషాల్లో పదకొండు మంది చూశారు, ఒక్కరూ పలకలేదు. అర్థం కాకనే ఊరుకున్నారని తలచి వ్యాఖ్యాత పూనుకుంటున్నాడు. మెదక్ సీమలోని కొలిచాలం వాడైన మల్లినాథసూరి, కాళిదాసుకు వ్యాఖ్య రాస్తూ, మూలంలో లేనిదీ అక్కర్లేనిదీ రాయనని మాటిచ్చాడు. పెద్దమామ వ్యాఖ్యాతకు అంత నిగ్రహం లేదు.

పూండి = తిరువళ్ళూరు జిల్లాలో కుశస్థలి నదికి అడ్డంగా కట్టిన జలాశయం. మద్రాసు దాహం తీర్చడానికి మేయరు సత్యమూర్తి పట్టుబట్టి 1940లో పని మొదలుపెట్టించాడు. 1944లో అది పూర్తయ్యేనాటికి ఆయన లేడు. సాగరానికి ఆయన పేరు మిగిలింది. పోదాం = ఉత్తమపురుష బహువచనం. వ్యాను బాడుగ ఎవరిదన్నది అధ్యాహారం.

ఏరు = ఇక్కడ శ్లేష. ఆరణి వాళ్ళకు ఏరంటే ఆరణియారే. ఆంధ్రలో పిచ్చాటూరు దగ్గర ఆనకట్ట దాటి, శివుడు పడుకుని దర్శనమిచ్చే సురుటుపల్లిని తాకి, ఊత్తుకోట్టై, పెరియపాళయం మీదుగా ఊరి పక్కకే వస్తుంది. అయితే పూండి ప్రస్తావన ఉంది కాబట్టి రెండో అర్థం కుశస్థలి. ఇక్కడితో ఆగితే వ్యాఖ్యాత పని సులువయ్యేది. పూండి నీళ్ళలో మూడో అర్థం కూడా ఉంది: కృష్ణ. 1983లో ఆంధ్ర, తమిళనాడు ప్రభుత్వాలు చేసుకున్న తెలుగుగంగ ఒప్పందం ప్రకారం శ్రీశైలం నుంచి సోమశిల, కండలేరు మీదుగా, కండలేరు నుంచి సరిహద్దు దాకా 152 కిలోమీటర్లు, అక్కణ్ణుంచి మరో 25 కిలోమీటర్లు కాలువ పట్టి ఆ నీళ్ళు పూండి చేరాలి. 1996లో మొదటిసారి చేరాయి. పింగళి సూరన రెండర్థాల కావ్యం రాసి పేరు తెచ్చుకున్నాడు. పెద్దమామ రెండక్షరాల మాటలో మూడు నదులు పెట్టాడు. ఆ సంగతి ఆయనకు తెలియదు.

అడవి దోవ = గుడియం ఊరు దాటాక ముళ్ళపొదల మధ్య సాగే కాలిబాట. నడిచి = క్త్వార్థకం. ‘పోయి’ అనకుండా ‘నడిచి’ అనడంలో బండి ముందుకు పోదని ధ్వని. బాటంతా నున్నటి గులకరాళ్ళు. హవాయి చెప్పులకు ఇవి బద్ధశత్రువులు. చివర్న కనబడే గుహ గోడ కూడా ఆ రాళ్ళ ముద్దే. వేరుశనగ ఉండను అడ్డంగా కొరికితే పలుకులు పైకి తేలినట్టు, గోడ నిండా గుండురాళ్ళు ఇంత ఇంత బయటికి పొడుచుకొచ్చి ఉంటాయి. పైకప్పున తేనెపట్లు వేలాడుతుంటాయి. కాబట్టి ఈ ఘట్టానికి శాంతరసమే తగును. పిల్లల అరుపులు, అగ్గిపుల్లలు రసాభాస.

పాత మనుషులు = ఈ పదం దగ్గర పాఠాంతరం ఉంది. పెద్దమామ తమ్ముడి భార్య దీన్ని పళవేర్కాడుగా చదివింది. తెలుగువాళ్ళు ప్రళయకావేరి అనే ఆ సరస్సు ఒడ్డున డచ్చివాళ్ళు 1613లో గెల్డ్రియా కోట కట్టారు. శ్మశానం ద్వారం మీద అస్థిపంజరాలు చెక్కించి, లోపల వంశచిహ్నాలతో గోరీల బండలు పరిపించారు. ఆరణియారు కడలి చేరేదీ ఆ దిక్కునే. రొయ్యల వేపుడూ దొరుకుతుంది. పాఠం రుచికరమే గాని గ్రాహ్యం కాదు: డచ్చివాళ్ళు వచ్చి నాలుగు వందల ఏళ్ళు, పెద్దమామ చెప్పేది పదిహేను లక్షల ఏళ్ళ మాట.

ఊరు = అత్తిరంపాక్కం శివారు. 1863 మే నెలలో భూగర్భ సర్వేక్షణ శాఖ ఉద్యోగి రాబర్ట్ బ్రూస్ ఫుట్‌కు పల్లావరం దగ్గర మనిషి చెక్కిన రాయి దొరికింది. అదే ఏడాది సెప్టెంబరులో విలియం కింగ్‌తో కలిసి కుశస్థలి పరివాహకంలో వెతుకుతుంటే ఇక్కడ అలాంటివి రాశులుగా కనబడ్డాయి. ‘మద్రాసు చేతిగొడ్డలి’ అన్న పేరు లోకమంతా పాకింది. 1999 నుంచి శాంతి పప్పు, కుమార్ అఖిలేశ్ ఇక్కడ తవ్వకాలు జరిపారు. వయసు కట్టడానికి వాళ్ళు రాతినే సాక్షిగా పిలిచారు. నేలమీద ఉన్నంతకాలం విశ్వకిరణాలు తగిలి రాతిలోని క్వార్ట్జ్‌లో అల్యూమినియం-26, బెరీలియం-10 పుడతాయి. మట్టి కప్పేస్తే పుట్టడం ఆగి, రెండూ వేరు వేరు వేగాలతో తరిగిపోతాయి. మిగిలిన పాళ్ళను బట్టి రాయి ఎప్పుడు మట్టిలో పడిందో లెక్క కట్టవచ్చు. 2011లో వచ్చిన జవాబు సగటున 15 లక్షల ఏళ్ళు.

ఇక్కడ పూర్వపక్షం: ఊరన్నాక గుడి, బడి, వీధి ఉండాలి కదా, అక్కడున్నవి వాన కోసిన గండ్లే కదా? సమాధానం: నీళ్ళూ రాళ్ళూ ఉన్న చోట జనం మళ్ళీ మళ్ళీ వచ్చి మకాం వేశారు గనుక లక్షణచేత ఊరే. గోడలే కావాలన్నవాళ్ళకు పూండిలో పురావస్తు ప్రదర్శనశాల ఉంది. అక్కడి చేతిగొడ్డలిని చూసి తీరాలి. బాదంగింజ ఆకారం, అరచేతికి సరిపడే అడుగు, ఒకవైపు మొన. రెండు ముఖాలా పెచ్చులు లేచిన గుంటలు, పెంకుల అంచుల్లాగా ఒకదాన్నొకటి కోసుకుంటూ ఉంటాయి.

సద్ది కట్టుకోండి = చిత్రాన్నమో పెరుగన్నమో మూట గట్టుకుని రండి. ఇది పాకశాస్త్ర వాక్యమని తోస్తుంది గాని, కాదు, ఆదిమాచారం. అత్తిరంపాక్కంలో ఆ తొలి పొరల బంకమట్టిలో పెద్ద గుండురాళ్ళు లేవు. అప్పటివాళ్ళు వేరే చోట పెద్ద పెచ్చులు కొట్టుకుని, వెంట తెచ్చుకుని, ఇక్కడ చెక్కుకున్నారని తవ్వినవాళ్ళు తేల్చారు. చేరిన చోట ఏమీ దొరకదని ముందే ఎరిగి మూట గట్టుకోవడం ఈ ఏటి ఒడ్డున పెద్దమామతో మొదలు కాలేదు. ఒక భేదం: వచ్చేటప్పుడు మూటలో ఆ రాళ్ళు వేసుకోకూడదు. వాళ్ళు పారేసి పోయినవి పడి ఉన్న చోటే సాక్ష్యం చెబుతాయి.

బిరాన = తొందరగా. ఆరింటికని అర్థం, ఎనిమిదింటికని ఆచారం.

తాత్పర్యం: కుటుంబసభ్యులారా! ఆదివారం నాడు మూడు నదుల నీరు చూసి, గులకరాళ్ళ మీద కాళ్ళు నొప్పెట్టేలా నడిచి, తేనెటీగలకు భయపడి గొంతు తగ్గించి, గోడల్లేని ఊరు చూసి, తెచ్చుకున్నది తిని, తెచ్చుకోవలసింది ఏమీ లేక తిరిగి వద్దాం.

ఈ వ్యాఖ్య పూర్తవుతుండగా మేనకోడలు గ్రూపులో మొదటి జవాబు పెట్టింది: ‘మామా, ఆడ టీ అంగడి ఉందా?’

పెద్దమామ బొటనవేలి బొమ్మ పెట్టాడు. ‘ఉంది’ అని కొందరు, ‘చూశాను’ అని కొందరు అర్థం చెబుతున్నారు. చిన్నత్త మాత్రం ఫ్లాస్కు కడిగి బోర్లించింది.